పైనున్న బిడ్డకు పూచీ ఎవరు?

పిరమిడ్ ప్రదర్శనలకు రూలూ లేదు, రికార్డూ లేదు.. 'ఆట కాదు' అన్న మాటే అసలు ప్రమాదం

రాయచూరు: ఆగస్టు 15 కానీ, జనవరి 26 కానీ, నవంబరు 1 రాజ్యోత్సవం కానీ.. జెండా ఎగిరి, అతిథుల ప్రసంగాలు అయ్యాక జనం ఎదురుచూసేది బడి పిల్లల ప్రదర్శనల కోసమే. అందులోనూ చప్పట్లు ఎక్కువ పడేది పిరమిడ్‌కే. కింద వరుసలో నలుగురైదుగురు గట్టి పిల్లలు. వాళ్ల భుజాల మీద మరికొందరు. అందరికంటే పైన, చేతిలో జెండా పట్టుకుని, బక్కపల్చటి బిడ్డ ఒకరు. సెల్‌ఫోన్లన్నీ అటే తిరుగుతాయి. మర్నాడు పేపర్లో ఫొటో కూడా అదే. మేమూ వేస్తాం.

ఆ బిడ్డ కాలు జారితే? కింద పరుపు ఉందా, పట్టుకోవడానికి ఎవరైనా నిలబడ్డారా, నేర్పిన మాస్టారుకు ఈ విద్యలో శిక్షణ ఉందా, మైదానం బయట అంబులెన్సు ఉందా? చాలా చోట్ల ఈ ప్రశ్న అడిగేవారే ఉండరు. ఎందుకంటే లెక్క ప్రకారం అది ఆట కాదు, 'సాంస్కృతిక కార్యక్రమం'. ఆటైతే అంపైరు ఉంటాడు, రూల్సు పుస్తకం ఉంటుంది, సంఘం ఉంటుంది. కార్యక్రమానికి కావాల్సింది మైకు, షామియానా మాత్రమే.

ఈ చిక్కు రాయచూరుది మాత్రమే కాదు. అమెరికా నుంచి జపాన్ దాకా, ముంబయి నుంచి స్పెయిన్ దాకా మనిషి మీద మనిషి ఎక్కే ప్రతి చోటా ఇదే తగువు నడిచింది. ఎవరు ఎలా తేల్చుకున్నారో చూస్తే మన దారి మనకు దొరుకుతుంది.

చీర్‌లీడింగ్ అంటే డ్యాన్సేనా?

చీర్‌లీడర్లు అనగానే మనకు గుర్తొచ్చేది 2008లో మొదలైన ఐపీఎల్. ఫోరు కొడితే బౌండరీ దగ్గర గంతులేసే అమ్మాయిలు. అమెరికాలో అసలు చీర్‌లీడింగ్ వేరు. 1898లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి ముందు నిలబడి జనంతో నినాదాలు చేయించడంతో మొదలైందని చెబుతారు. తర్వాత తర్వాత అది జిమ్నాస్టిక్స్‌ను కలుపుకుంది. మనిషిని పైకి విసిరి పట్టుకోవడం, భుజాల మీద నిలబెట్టడం, రెండున్నర అంతస్తుల పిరమిడ్ కట్టడం వచ్చాయి. బడులు, కాలేజీలు, ప్రైవేటు జిమ్‌ల జట్లు దీనిలో జాతీయ స్థాయిలో పోటీ పడతాయి.

అన్ని దెబ్బలూ కలిపి లెక్కేస్తే చీర్‌లీడింగ్‌లో గాయాలు మరీ ఎక్కువేం కాదు. ఇతర ఆటల్లోనే ఎక్కువ. కానీ తగిలితే మాత్రం పెద్ద దెబ్బే. తల, మెడ, వెన్నెముక. ఆటల్లో తగిలే ఘోర గాయాల మీద నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలోని కేంద్రం 1982 నుంచి లెక్కలు రాసింది. హైస్కూలు బాలికలకు ఆటల్లో నేరుగా తగిలిన ఘోర గాయాల్లో మూడింట రెండు వంతుల దాకా చీర్‌లీడింగ్‌వేనని తేలింది. ఫుట్‌బాల్ ఆడే అబ్బాయికి హెల్మెట్ ఉంది. గాల్లోకి ఎగిరే అమ్మాయికి రిబ్బన్ ఉంది.

2006 మార్చిలో సదరన్ ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం జట్టు అమ్మాయి ఒకరు బాస్కెట్‌బాల్ పోటీ మధ్యలో సుమారు 15 అడుగుల ఎత్తున్న పిరమిడ్ మీది నుంచి పడిపోయింది. మెడ ఎముకకు పగులు వచ్చింది. స్ట్రెచర్ మీద తీసుకుపోతుంటే కూడా ఆమె బ్యాండుకు తగ్గట్టు చేతులు ఊపింది. అది చూసి దేశమంతా మెచ్చుకుంది. కానీ మెచ్చుకోవడంతో ఆగలేదు. బాస్కెట్‌బాల్ కోర్టు మీద పరుపుల్లేకుండా ఎత్తయిన పిరమిడ్లు, బుట్టలా చేతులు కలిపి మనిషిని విసిరే విన్యాసాలు చేయకూడదని కాలేజీ చీర్‌లీడింగ్ నిబంధనలు బిగించారు.

పేరులో ఏముంది? చాలానే ఉంది

అమెరికాలో ఈ సమస్య ఇన్నేళ్లు ఎందుకు నలిగింది? చీర్‌లీడింగ్ ఆటా, కాదా అన్నది తేలలేదు కాబట్టి. ఆట అని గుర్తిస్తే కోచ్‌కు అర్హత కావాలి, జట్టుకు వైద్య సహాయకుడు కావాలి, సాధనకు ఇన్ని గంటలే అనే హద్దు కావాలి, గాయాల రికార్డు కావాలి. 'యాక్టివిటీ' అంటే ఇవేవీ అక్కర్లేదు. కనెక్టికట్ రాష్ట్రంలోని క్విన్నిపియాక్ విశ్వవిద్యాలయం వాలీబాల్ జట్టును తీసేసి చీర్‌లీడింగ్‌ను మహిళల ఆటగా చూపబోతే, 2010లో ఫెడరల్ కోర్టు ఒప్పుకోలేదు. మహిళలకు సమాన క్రీడావకాశాల చట్టం కింద లెక్కించేంతగా ఇది ఇంకా ఆట రూపం దిద్దుకోలేదంది. 2012లో పై కోర్టు కూడా ఆ తీర్పునే ఖాయం చేసింది.

అదే 2012లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం వేరే దారిన వచ్చింది. పేరు కోర్టులు తేల్చుకోనీ, ముందు దీన్ని ఆటగా గుర్తించి ఆటకు ఇచ్చే రక్షణలన్నీ ఇవ్వండి అని సలహా పత్రం విడుదల చేసింది. అందులో చెప్పినవి పెద్ద శాస్త్రాలేమీ కాదు. పిరమిడ్ ఇద్దరు మనుషుల ఎత్తు దాటకూడదు. గట్టి నేల మీద, తడి నేల మీద, ఎగుడుదిగుడు నేల మీద చేయకూడదు. స్పాంజి నేల కానీ, గడ్డి కానీ ఉండాలి. నేర్పేవారికి శిక్షణ ఉండాలి. ప్రమాదం జరిగితే ఎవరు ఏం చేయాలో ముందే రాసి పెట్టుకోవాలి. ఇంతే. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2016లో చీర్‌లీడింగ్ అంతర్జాతీయ సమాఖ్యకు తాత్కాలిక గుర్తింపు, 2021 జులైలో పూర్తి గుర్తింపు ఇచ్చింది.

గుర్తింపు వస్తే చాలా అంటే అదీ చాలదు. అక్కడ పోటీలు పెట్టేదీ, యూనిఫాంలు అమ్మేదీ, శిబిరాలు నడిపేదీ ఎక్కువగా ఒకే పెద్ద కంపెనీ, వర్సిటీ. నిబంధనలు పెట్టే సంఘం మీద కూడా దాని పెత్తనమే ఉందని జిమ్‌లు, తల్లిదండ్రులు గుత్తాధిపత్య కేసులు వేశారు. 2023, 2024ల్లో కోట్ల డాలర్లు చెల్లించి కంపెనీ రాజీ చేసుకుంది. ఇంకో సంగతి. టీవీ సిరీస్‌తో దేశమంతా పేరు తెచ్చుకున్న చీర్‌లీడర్ ఒకరికి మైనర్లపై లైంగిక నేరాల కేసులో 2022లో 12 ఏళ్ల శిక్ష పడింది. పిల్లల భద్రత అంటే కింద పరుపు వేయడం ఒక్కటే కాదు, పక్కన ఎవరు నిలబడ్డారో చూడడం కూడా. ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర 2023లో మన మల్ల యోధురాళ్లు రోడ్డెక్కి చెప్పింది కూడా ఇదే కదా.

జపాన్ బడుల్లో ఏం జరిగింది?

మన బడుల పిరమిడ్‌కు అచ్చంగా పోలిక జపాన్‌లో ఉంది. అక్కడ బడుల క్రీడోత్సవాల్లో పిల్లలు పిరమిడ్లు, గోపురాలు కట్టడం పాత ఆనవాయితీ. 'కుమితైసో' అంటారు. కలిసికట్టుతనం నేర్పుతుంది, తల్లిదండ్రుల కళ్లు చెమ్మగిల్లుతాయి అని బడులు పోటీపడి ఎత్తు పెంచుకుంటూ పోయాయి. 2014లో ఒక విశ్వవిద్యాలయ ఆచార్యుడు గాయాల లెక్కలు బయటపెట్టి ఇది ప్రమాదం అని రాశారు. 2015లో ఒసాకా దగ్గరి యావో పట్టణంలో పది వరుసల పిరమిడ్ కూలిపోయి పిల్లలు గాయపడ్డారు. ఆ వీడియో దేశమంతా చూసింది. ఈ విన్యాసాల్లో ఏటా 8 వేలకు పైగా పిల్లలకు దెబ్బలు తగులుతున్నాయని ప్రభుత్వ లెక్కలే చెప్పాయి.

2016లో ఒసాకా నగర విద్యా మండలి పిరమిడ్లు, గోపురాలు రెండూ నిషేధించింది. భద్రత ఖాయం చేయలేని బడులు మానుకోవాలని అదే ఏడాది జపాన్ క్రీడా సంస్థ సూచించింది. దాంతో చాలా బడులు వదిలేశాయి. గాయాలు తగ్గాయి. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. జపాన్‌లో కదలిక వచ్చింది లెక్క ఉండబట్టే. బడిలో పిల్లలకు దెబ్బ తగిలితే బీమా కోసం ప్రతిదీ నమోదవుతుంది. మన దగ్గర పిరమిడ్ మీది నుంచి పడి చెయ్యి విరిగితే ఆస్పత్రి చీటీలో 'పడిపోవడం వల్ల' అని రాస్తారు. ఎక్కణ్నుంచి, ఎందుకు పడ్డాడో రాయరు. లెక్కలో లేని గాయం అధికారి కంట పడదు.

ముంబయి ఉట్టి.. కోర్టు మెట్లు

మన దేశంలో ఈ తగువు ముంబయి దహీ హండి దగ్గర తేటతెల్లమైంది. కృష్ణాష్టమికి మనకూ ఉట్టి ఉంది. సీమ ఊళ్లలో నూనె, జిగురు పూసిన మాను ఎక్కడం, పక్కనుంచి నీళ్లు కొట్టడం, జారి పడితే నవ్వడం అందరికీ తెలిసిందే. ముంబయిలో ఉట్టి ఎత్తు బహుమతి డబ్బుతో పాటే పెరిగింది. రాజకీయ నాయకులు లక్షలు ప్రకటించారు. 2012లో ఠాణేలో తొమ్మిది అంచెల గోపురం సుమారు 43 అడుగులకు పైగా లేచి గిన్నిస్ రికార్డుకెక్కింది. అంత ఎత్తున అందరికంటే పైకి ఎక్కేది చిన్న పిల్లలే. బరువు తక్కువ కాబట్టి.

2014 ఆగస్టులో బాంబే హైకోర్టు 18 ఏళ్లలోపు వారు వద్దు, ఎత్తు 20 అడుగులు దాటొద్దు అంది. ఆ వెంటనే సుప్రీంకోర్టు ఆ ఏడాదికి సడలింపు ఇచ్చింది. 2016లో సుప్రీంకోర్టే మళ్లీ 18 ఏళ్లు, 20 అడుగుల హద్దు నిలబెట్టింది. 2017 ఆగస్టులో విషయం తిరిగి హైకోర్టుకు వచ్చింది. ఎత్తు సంగతి చట్టసభ చూసుకోవాలి, మేం హద్దు పెట్టలేం అని హైకోర్టు చెప్పింది. 14 ఏళ్లలోపు పిల్లల్ని ఎక్కించబోమని రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన మాటను నమోదు చేసుకుంది. మూడేళ్లలో 18 కాస్తా 14 అయింది, 20 అడుగుల హద్దు పోయింది.

2022లో మహారాష్ట్ర ప్రభుత్వం దహీ హండిని క్రీడగా ప్రకటించింది. గోవిందలకు ఉద్యోగాల్లో క్రీడా కోటా అంది. ఎవరైనా చనిపోతే కుటుంబానికి రూ.10 లక్షలు అంది. బీమా చేయించింది. మంచిదే. కానీ పండుగనాడు ముంబయి, ఠాణే ఆస్పత్రులకు చేరే గోవిందల లెక్క ఏటా వంద పైమాటే. చస్తే ఎంత అన్నది తేలింది కానీ చావకుండా ఎలా అన్నది తేలలేదు. ఆట అని పేరు పెట్టి ఆట రూల్సు పెట్టకపోతే ఇలాగే ఉంటుంది.

నిషేధమే దారి అనుకోవక్కర్లేదు. స్పెయిన్‌లోని కాటలోనియాలో మనుషుల గోపురాలు కట్టడం రెండు శతాబ్దాల సంప్రదాయం. 2010లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. అక్కడా పైకెక్కేది పిల్లలే. 2006లో ఒక 12 ఏళ్ల బాలిక పడి చనిపోయింది. అప్పటి నుంచి పైకెక్కే పిల్లలకు హెల్మెట్ తప్పనిసరైంది. వందలాది మంది కింద ఒకరినొకరు ఆనుకుని పరుపులా నిలబడతారు. ఎవరు పడ్డా వాళ్ల మీదే పడాలి. సంప్రదాయం పోలేదు. బిడ్డ నెత్తిన హెల్మెట్ వచ్చింది, అంతే.

లెక్క వేసి చూద్దాం

పిరమిడ్ ప్రమాదం ఎంతో తెలియడానికి పెద్ద చదువు అక్కర్లేదు. 40 కిలోల పిల్లలు పది మంది 4-3-2-1 వరుసల్లో మోకాళ్ల మీద వంగి పిరమిడ్ కట్టారనుకుందాం. పైవాడి బరువు కింద ఇద్దరికి సగం సగం పడుతుంది. వాళ్లది వాళ్ల కిందివాళ్లకు. ఇలా దిగుతూ వస్తే కింద వరుస మధ్యలో ఉన్న ఇద్దరి మీద ఒక్కొక్కరికి 85 కిలోల బరువు పడుతుంది. తన బరువుకు రెట్టింపు దాటింది. వడ్ల బస్తా కంటే ఎక్కువ. హమాలీ బస్తా మోస్తే కూలీ ఇస్తాం. బిడ్డ మోస్తే సర్టిఫికెట్ ఇస్తాం.

ఇక నిలబడే పిరమిడ్. హైస్కూలు పిల్లలు మూడు వరుసలు భుజాల మీద భుజాలుగా నిలబడితే పైనున్న బిడ్డ తల 12, 13 అడుగుల ఎత్తున ఉంటుంది. 10 అడుగుల నుంచి పడితే నేలను తాకే వేగం గంటకు సుమారు 28 కిలోమీటర్లు. 20 అడుగుల నుంచైతే 39 కిలోమీటర్ల దాకా. హెల్మెట్ లేకుండా స్కూటరు మీద ఆ వేగంతో గోడను గుద్దుకుంటే ఏమవుతుందో అందరికీ తెలుసు. అదే వేగం, నిలువునా.

ఒక్కసారి పైకెక్కేది ఎవరో చూడండి. బరువు తక్కువ ఉన్న బిడ్డ. రాయచూరు, యాదగిరి జిల్లాలు 2018లో నీతి ఆయోగ్ 'ఆకాంక్షిత జిల్లా'ల పట్టీలో చేరాయంటే ఆరోగ్యం, పోషణ, చదువు లెక్కల్లో వెనకబడ్డందుకే. ఇక్కడ తరగతిలో అందరికంటే తేలికైన బిడ్డ అంటే చాలాసార్లు చాలినంత తిండి అందని బిడ్డే. ఆ బక్కతనమే అర్హతగా ఎంచి అందరికంటే ఎత్తున నిలబెడుతున్నాం.

ఎద్దుకున్న చట్టం..

కార హుణ్ణిమె, అంటే మన ఏరువాక పున్నమి వస్తే రాయచూరులో మున్నూరు కాపు సమాజం ముంగారు హబ్బ ఘనంగా జరుపుతుంది. ఎడ్లతో బండ లాగించే పోటీలకు చుట్టుపక్కల జిల్లాల నుంచే కాదు, అటు గద్వాల, కర్నూలు వైపు నుంచీ జతలు వస్తాయి. ఎడ్ల పోటీల మీద దేశంలో పెద్ద చర్చే జరిగింది. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టును ఆపింది. కర్ణాటక 2017లో జంతు హింస నివారణ చట్టాన్ని సవరించి కంబళకు, ఎడ్ల పందేలకు, ఎడ్ల బండ్ల పందేలకు దారి ఇచ్చింది. పశువుకు అనవసరమైన నొప్పి, బాధ కలగకూడదన్న షరతు పెట్టింది. 2023 మేలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ చట్టాల్ని సమర్థించింది. అంటే ఎద్దుకు ఒక షరతు ఉంది, ఆ షరతు తప్పితే అడిగే చట్టం ఉంది. బడి పిల్లవాడి పిరమిడ్‌కు అలాంటి షరతు రాసిన కాగితం ఏదీ?

అలాగని మన పెద్దలకు ఈ జాగ్రత్త తెలియదని కాదు. కుస్తీ గోదా చూడండి. ఎర్రమట్టి తవ్వి, రాళ్లు ఏరి, నూనె, మజ్జిగ కలిపి మెత్తగా చేశాకే పట్టు పట్టనిచ్చేవారు. జోడు చూడకుండా కుస్తీకి దింపేవారు కాదు. గరడీలో ఉస్తాదు చెప్పే దాకా గోదాలోకి అడుగు పెట్టనిచ్చేవారు కాదు. నేల మెత్తన, జోడు సమానం, నేర్పేవాడు దగ్గర.. అమెరికా పిల్లల వైద్యులు 2012లో రాసిన మాటలకూ వీటికీ పెద్ద తేడా లేదు. గోదాలో పాటించిన నీతి సిమెంటు మైదానం మీదికి వచ్చేసరికి మర్చిపోయాం.

గుర్తింపు లేని పోటీలన్నిటిదీ ఇదే దారి

పిరమిడ్ ఒక్కటే కాదు. 2022 జులైలో బెంగళూరులో ఒక కిక్‌బాక్సింగ్ పోటీలో ముఖం మీద దెబ్బ తిని పడిపోయిన మైసూరు యువకుడు తర్వాత చనిపోయాడు. అక్కడ తగిన వైద్య ఏర్పాట్లు లేవని కుటుంబం ఆరోపించింది. నిర్వాహకుడి మీద కేసు పెట్టారు. ఆ పోటీతో తమకు సంబంధం లేదని సంఘం వాళ్లు చెప్పారు. 2021 మార్చిలో సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల నాడు తాత్కాలిక గ్యాలరీ కూలి వంద మందికి పైగా గాయపడ్డారు. అది గుర్తింపు ఉన్న పోటీ. గుర్తింపు ఉన్న చోటే ఇలా ఉంటే, ఊరి జాతర్లో, క్యాంపుల్లో, బడి మైదానంలో ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పరిపాలన చట్టం తెచ్చింది. క్రీడా సంఘాలకు గుర్తింపు ఇచ్చే జాతీయ క్రీడా మండలి, తగువులు తీర్చే ట్రిబ్యునల్, మహిళలు, మైనర్ల రక్షణకు సురక్షిత క్రీడా విధానం అందులో ఉన్నాయి. మంచి చట్టమే. కానీ ఆ గొడుగు కిందికి వచ్చేది గుర్తింపు పొందిన సంఘాలే. సింధనూరు దగ్గరి క్యాంపు బడిలో పిరమిడ్ ఎక్కే పిల్ల ఏ సంఘం సభ్యురాలు? ఆ పిల్లకు ఢిల్లీ చట్టం అందదు. జరిగాక అడగడానికి జువెనైల్ జస్టిస్ చట్టంలో 75వ సెక్షన్ ఉంది. తమ సంరక్షణలో ఉన్న బిడ్డను అనవసర బాధకు గురిచేస్తే శిక్ష ఉంటుంది. కానీ బిడ్డ పడ్డాక పీఈటీ మాస్టారును జైలుకు పంపితే ఎవరికి లాభం? పై నుంచి 'బాగా కనపడాలి' అని ఒత్తిడి వస్తే ఆయన మాత్రం ఏం చేస్తాడు? రూలు ఉంటే 'రెండు వరుసలకు మించి కట్టకూడదు సార్' అని చెప్పే ధైర్యం ఆయనకూ వస్తుంది. రూలు పిల్లవాడికే కాదు, మాస్టారుకూ రక్షణే.

ఆస్పత్రి ఎంత దూరం?

రాయచూరులో ఈ మాట ఇంకా గట్టిగా అనాల్సిన కారణం ఒకటుంది. ఎయిమ్స్ కావాలని 2022 మేలో మొదలుపెట్టిన ధర్నా వెయ్యి రోజులు దాటిన ఊరు ఇది. రిమ్స్ ఉన్నా తలకు, వెన్నుకు పెద్ద దెబ్బ తగిలితే చాలామంది చూసేది హైదరాబాద్, బెంగళూరు వైపే. హైదరాబాద్ రెండు వందల కిలోమీటర్ల పైమాటే. బెంగళూరు నాలుగు వందలు దాటుతుంది. దేవదుర్గ, లింగసుగూరు, మస్కి పల్లెల నుంచైతే ముందు రాయచూరు చేరాలి. వెన్నెముక దెబ్బకు మొదటి గంటలు ముఖ్యం. అంతకన్నా ముఖ్యం, పడ్డ బిడ్డను ఎలా లేపాం అన్నది. కంగారులో చేతులూ కాళ్లూ పట్టి ఎత్తి ఆటోలో వేస్తే బాగుపడాల్సిన మెడ కాస్తా శాశ్వతంగా పోవచ్చు. కదలకుండా ఉంచి, తల, మెడ స్థిరంగా పట్టుకుని 108కు ఫోన్ చేయడం ప్రతి బడిలో ఇద్దరికైనా వచ్చి ఉండాలి.

ఏం చేయొచ్చు?

పండుగ మానుకోమని ఎవరూ అనడం లేదు. పిల్లలు ఒకరి భుజం మీద ఒకరు నిలబడి చేసే విన్యాసంలో నిజంగానే అందం ఉంది, నమ్మకం ఉంది. ఆ నమ్మకానికి తగ్గ ఏర్పాటు కావాలి. దీనికి అసెంబ్లీలో బిల్లు అక్కర్లేదు. జిల్లాధికారి, డీడీపీఐ, యువజన సబలీకరణ, క్రీడా శాఖ కూర్చుని ఒక పేజీ సర్క్యులర్ ఇస్తే చాలు.

- పిరమిడ్ రెండు వరుసలు దాటకూడదు. ప్రైమరీ బడి పిల్లలతో అసలు వద్దు.
- సిమెంటు, తారు, రాళ్ల నేల మీద నిషేధం. సాధనలో కూడా కింద పరుపులు ఉండాలి. చాలా దెబ్బలు తగిలేది పండుగనాడు కాదు, సాధన రోజుల్లోనే.
- పైనున్న ప్రతి బిడ్డకూ కింద ముందొకరు, వెనకొకరు పట్టుకునేవారు ఉండాలి. వారు పెద్దవాళ్లై ఉండాలి.
- నేర్పేవారు జిమ్నాస్టిక్స్ తెలిసినవారై ఉండాలి. ఆడపిల్లల జట్టుకు సాధన వేళ ఉపాధ్యాయిని దగ్గరుండాలి.
- తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి. అయితే సంతకం పెట్టారు కాబట్టి మా పూచీ లేదు అనే వాక్యం అందులో ఉండకూడదు.
- మైదానంలో ప్రథమ చికిత్స, బయట అంబులెన్సు. మంత్రి కాన్వాయ్‌కి దారి ఉంచినట్టే దానికీ దారి ఉంచాలి.
- బడిలో ఆటల్లో, ప్రదర్శనల్లో తగిలిన ప్రతి దెబ్బా బీఈఓ కార్యాలయంలో నమోదు కావాలి. ఏటా ఆ లెక్క బయటపెట్టాలి.

వీటిలో డబ్బు ఖర్చయ్యేది పరుపులకే. తాలూకాకు ఒక సెట్టు కొని బడులకు వంతులవారీగా ఇచ్చినా సరిపోతుంది. షామియానా, శాలువాలు, పూలదండల బిల్లులో అదెంత?

చివరగా తల్లిదండ్రులకు ఒక మాట. బిడ్డ ఇంటికొచ్చి 'నన్ను పిరమిడ్‌లో పైన నిలబెడుతున్నారు' అని చెబితే సంబరపడండి, తప్పు లేదు. మర్నాడు బడికి వెళ్లి మూడు ప్రశ్నలు అడగండి. ఎన్ని వరుసలు? కింద ఏం పరుస్తారు? పట్టుకునేది ఎవరు? ఈ మూడింటికీ జవాబు దొరక్కపోతే బిడ్డను కిందే నిలబెట్టి జెండా పట్టుకోమనండి. కింద నిలబడి పట్టుకున్నా జెండా జెండాయే.